నా కోపానికి రాసిచ్చిన మాత్రలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే నేనే చెప్పేస్తే మంచిది. ఎలాగూ మా భవానీపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. ప్రైవేటు స్కూల్లో పీఈటీ టీచర్ని. ఎండలో వందమంది పిల్లల్ని వరసలో నిలబెట్టాలంటే మెత్తని గొంతు పనికిరాదు. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు మారదు.

కోపం ఉన్నమాట నిజమే. అయితే దాన్ని నా జబ్బని, నా జబ్బును నా గుణమని చెప్పి ఏళ్ళ తరబడి నన్ను నమ్మించారు చూడండి, ఆ సంగతి రాయాలని కూర్చున్నాను. గుండె ఇప్పుడు కుదుటపడింది. కోపం పడలేదు.

మాది ఉయ్యూరు పక్కన పల్లె. పదో తరగతిలో ఉండగా ఖోఖో జిల్లా జట్టు సెలక్షన్లకని బందరు వెళ్ళాను. తరిమి పట్టడంలో నన్ను మించిన పిల్ల మా చుట్టుపక్కల లేదు. ఆ రోజు పోల్ తిరిగి నాలుగడుగులు వేశానో లేదో, గుండె ఉన్నట్టుండి ఎగిరిపడి పరుగందుకుంది. పరిగెడితే గుండె కొట్టుకోవడం నాకు తెలియనిదేం కాదు. ఇది వేరే రకం. నేను ఆగినా అది ఆగలేదు. మెడలో నరాలు టపటపా కొట్టుకున్నాయి. మైదానం తెల్లబడిపోయింది. అక్కడే కూలబడ్డాను. కాసేపటికి టక్కున ఆగింది. లేచి, "ఇప్పుడు ఆడతాను సార్" అన్నాను.

"భయస్తులు ఆటకి పనికిరారమ్మా. తర్వాతి అమ్మాయిని రమ్మను," అన్నారు సెలక్షన్ సారు.

మా అమ్మ చర్చికి తీసుకెళ్ళింది. అయ్యగారు నా నుదుట నూనె రాసి ప్రార్థన చేశారు. "ఈ బిడ్డ గుండెను ముట్టు ప్రభువా" అన్నారు. భయమనలేదు, గుండె అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళదాకా ఆ మాట ఇంకెవరి నోటా వినలేదు.

పెళ్ళయి విజయవాడ వచ్చాను. మా ఆయన ప్రకాష్‌కి ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. నెమ్మదస్తుడు. మా అత్తయ్య ఇంకా నెమ్మది. అలాంటి ఇంట్లో నా గొంతు ఎలా మోగుతుందో ఊహించుకోవచ్చు. ఆ గుండెదడ ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేది, పిల్ల పుట్టాక ఇంకా ఎక్కువైంది. బట్టలు ఆరేస్తుంటే వచ్చేది, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటే వచ్చేది. ఒక్కోసారి గొడవ పడుతుంటే కూడా వచ్చేది. ఇంట్లోవాళ్ళకి ఆ ఆఖరి రకమే గుర్తుండిపోయింది.

మా వీధి చివరి డాక్టరుగారికి మంచి హస్తవాసి అని పేరు. నేను రిక్షాలోనో ఆటోలోనో ఆయన దగ్గరికి చేరేసరికి దడ ఆగిపోయేది. ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉండేది.

"స్విచ్చి వేసినట్టు మొదలవుతుందండీ, స్విచ్చి తీసినట్టు ఆగిపోతుంది," అని చెప్పాను. ఆ మాట ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

ఆయన నన్ను చూడలేదు, మా ఆయన్ని చూశారు. "ఈవిడ ఇంట్లో ఎలా ఉంటారు?"

"కొంచెం కోపం ఎక్కువండీ," అన్నారు మా ఆయన, మొహమాటంగా నవ్వుతూ.

"అదే. టెన్షన్. నార్మల్‌గానే ఉందమ్మా. కోపం తగ్గించుకోండి." నిద్రొచ్చే చిన్న మాత్ర ఒకటి రాశారు.

ఆ మాత్ర నా గుండెకి ఏం చేసిందో గానీ, మా ఇంటికి మాత్రం బాగా ఉపయోగపడింది. ఆ తర్వాత నేను ఏ విషయం మీద గొంతు పెంచినా ఒకటే జవాబు. ఒకసారి మరిది కుటుంబం వచ్చి వారం ఉన్నారు. తిన్న కంచం ఎవ్వరూ తీయలేదు. స్కూల్నుంచి వచ్చి సింకు చూసి అరిచాను. మా అత్తయ్య ఎంతో ప్రేమగా, "విమలా, మాత్ర వేసుకున్నావా అమ్మా?" అంది. కంచాలు అలాగే ఉన్నాయి. తప్పు నా మాత్రదయింది.

కొన్నాళ్ళకి నేనూ నమ్మాను. దడ వస్తే సిగ్గుపడి బాత్రూంలో గడియ పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. నాకిప్పుడు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించేది అదే. నా లోపల జరుగుతున్నదాని గురించి నా మాటే నేను నమ్మకుండా పోయాను.

*

కిందటేడు మార్చి, ఒంటిపూట బడులు మొదలైన వారం. మా కరస్పాండెంటుగారు తొమ్మిదో తరగతి ఆడపిల్లల ఆటల పీరియడు తీసేసి లెక్కలకి ఇచ్చారు. మగపిల్లలది మాత్రం ఉంచారు. ఆయన గదిలోకి వెళ్ళి ఎందుకని అడిగాను. "ఎండల్లో ఆడపిల్లలకెందుకు మేడమ్ ఆటలు?" అన్నారు. ఎండ మగపిల్లలకి తగలదా అని అడుగుతుండగానే లోపల స్విచ్చి పడింది.

గోడ పట్టుకుని బయటికొచ్చి స్టాఫ్‌రూంలో కూర్చున్నాను. మామూలుగా అయితే కాసేపట్లో ఆగాలి. ఆగలేదు. చీర కొంగు కింద గుండె కొట్టుకోవడం బయటికి కనిపిస్తోంది. చుట్టూ చేరినవాళ్ళు, "ఎందుకు మేడమ్ అంత కోపం, వదిలేయండి" అన్నారు. హిందీ చెప్పే షకీలా టీచరు ఒక్కతే నా మణికట్టు పట్టుకుని చూసింది. హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని, "లేవండి, వెళ్దాం" అంది. ఆమె రంజాన్ ఉపవాసంలో ఉంది. పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. ఆ ఎండలో నన్ను దాదాపు మోసుకుని ఆటో ఎక్కించింది.

ఆటోలోంచి మా ఆయనకి ఫోను చేశాను. "మాత్ర వేసుకుని కాసేపు పడుకో విమలా, పని చూసుకుని వస్తాను," అన్నారు. షకీలా నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "భాయ్‌సాబ్, పని తర్వాత చూసుకోండి. నర్సింగ్‌హోముకి రండి," అని పెట్టేసింది.

ఆ నర్సింగ్‌హోం పేరు రాయను. అద్దాల తలుపులు, రిసెప్షన్లో రంగుచేపల తొట్టి, లోపల ఒక గదికి ఎర్రక్షరాలతో 'అత్యవసర విభాగం' అని బోర్డు. డ్యూటీ డాక్టరు కుర్రాడు. నేను చెప్పడం మొదలుపెట్టేలోపు మా ఆయన ఫోను మళ్ళీ వచ్చింది. డాక్టరుకివ్వమంటే షకీలా అతనికిచ్చింది. అతను రెండు నిమిషాలు విని, తలూపి, నా వైపు తిరిగాడు.

"మీకు టెన్షన్ ప్రాబ్లం ఉందటగా అమ్మా. మీ వారు చెప్పారు."

నేను అక్కడే ఉన్నాను. మాట్లాడగలుగుతున్నాను. గుండె నాది. అతను ఫోన్లో ఉన్న మనిషిని అడిగి తెలుసుకున్నాడు.

గ్యాస్‌కి ఇంజెక్షన్ చేసి పడుకోమన్నారు. ఈసీజీ తీసే అమ్మాయి భోజనానికి వెళ్ళిందన్నారు. పక్క మంచం మీద ఒక ముసలాయన మూలుగుతున్నాడు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. నా వేళ్ళు చల్లబడుతున్నాయి, నాలిక పిడచకట్టుకుపోయింది. షకీలా రెండుసార్లు లేచి వెళ్ళి అడిగింది. మూడోసారి కౌంటరు దగ్గర హిందీలో ఏదో గట్టిగా అరిచింది. అంత నెమ్మది మనిషి గొంతు అలా లేస్తుందని నాకు తెలియదు. ఈసీజీ అమ్మాయి నోరు తుడుచుకుంటూ మిషను తోసుకొచ్చింది.

కాగితం బయటికి వస్తుంటే డాక్టరు కుర్రాడి మొహం మారింది. కాగితాన్ని రెండు చేతులతో సాగదీసి పట్టుకుని చూశాడు. పెద్ద డాక్టరుకి ఫోను చేశాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంతసేపూ నిలబడే మాట్లాడిన మనిషి కూర్చున్నాడు.

"అమ్మా, ఇది మెల్లగా పెరుగుతుందా, ఒక్కసారిగా మొదలవుతుందా?"

నాకు ఏడుపొచ్చింది. "స్విచ్చి వేసినట్టు," అన్నాను.

"ఆగేటప్పుడు?"

"స్విచ్చి తీసినట్టు."

"ఎప్పటినుంచి?"

"పదో తరగతినుంచి బాబూ."

"ఇది టెన్షన్ కాదమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు తిరిగాను! అతని మీద నాకు కోపం లేదా అంటే ఉంది. ముందే నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా.

దడ ఆగుతుందేమోనని సూది లేని సిరంజిలోకి బలంగా ఊదమన్నారు. మొహం మీద ఐసునీళ్ళ గుడ్డ అద్దారు. మెడ పక్కన నొక్కారు. లాభం లేకపోయింది. "అడినోసిన్ అని ఒక ఇంజెక్షన్ ఉందమ్మా. చేస్తే వెంటనే ఆగుతుంది," అన్నాడు. నర్సు బీరువా తెరిచి వెతికింది. ఇంకో బీరువా తెరిచింది. ఆ మందు లేదు.

ఎర్రక్షరాల బోర్డు ఉంది, ఏసీ ఉంది, చేపలకి గాలి బుడగలు వదిలే మోటారు ఉంది. గుండె అదుపు తప్పి వచ్చిన మనిషికి మొదట వెయ్యాల్సిన మందు లేదు. ఆ మాట ఎవరూ సిగ్గుపడుతూ చెప్పలేదు. ఉప్పు నిండుకుందన్నంత మామూలుగా చెప్పారు.

మా ఆయన అప్పుడే వచ్చారు, చేతులకి గ్రీజుతో. చీటీ రాసి ఆయన చేతిలో పెట్టారు. "తొందరగా తీసుకురండి. బీపీ పడిపోతోంది. దొరక్కపోతే కరెంటు షాకు ఇవ్వాల్సి వస్తుంది." ఆయన నా మొహం చూశారు, గోడ మీద మానిటరు చూశారు. వెంటనే పరుగెత్తారు.

ఆయన తిరిగి వచ్చేదాకా షకీలా నా చెయ్యి వదల్లేదు. షాకు మిషను తెచ్చి నా మంచం పక్కన పెట్టారు. దాన్ని చూడకుండా ఉండాలని కప్పు వైపు చూస్తూ పడుకున్నాను. నా కూతురు ఆ రోజు ఇంటర్ పరీక్ష రాస్తోంది. సెంటర్‌నుంచి తనని ఎవరు తీసుకొస్తారు అన్నదే తిరిగి తిరిగి తలలో మెదిలింది.

ఆయన వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. "ఇక్కడ ఏ షాపులోనూ లేదండీ. వన్‌టౌన్ దాకా పోవాల్సొచ్చింది," అని డాక్టరుతో అంటున్నారు.

మోచేతి మడత దగ్గర పెద్ద సూది గుచ్చారు. "కొంచెం ఇబ్బందిగా ఉంటుందమ్మా," అంది నర్సు. అంతే చెప్పింది. మందు ఎక్కించి, వెనకాలే సెలైను గబుక్కున తోసి, చెయ్యి పైకెత్తింది. గుండె ఒక్కసారి తడబడింది, మళ్ళీ అదే పరుగు. "ఇంకొంచెం ఎక్కువ ఇద్దాం," అన్నాడు డాక్టరు.

రెండోసారి జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. ఛాతీ మీద బండరాయి పడింది. మొహంలోకి వేడి కొట్టింది. ఊపిరి సగంలో ఆగింది. తర్వాత లోపల ఏమీ లేదు. పుట్టినప్పటినుంచి ఉన్న శబ్దం ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాను. ప్రార్థన గుర్తుకు రాలేదు. కూతురు కూడా గుర్తుకు రాలేదు. ఎందుకు అబద్ధం చెప్పాలి, నాకు కలిగింది ఒళ్ళు మండే కోపం. టెన్షన్ అని సమాధి మీద కూడా రాస్తారు వీళ్ళు అనుకున్నాను.

అంతలో, "చూడండి, ఆగింది! ఆగింది!" అని ఆ కుర్రాడు సంతోషంగా అరుస్తున్నాడు.

ధన్‌మని ఒక దెబ్బ. ఒక ఖాళీ. ఇంకో దెబ్బ. తర్వాత గుండె మామూలుగా, ఏమీ ఎరగనట్టు, నడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం అతను చూడ్డానికొచ్చినప్పుడు అడిగాను. "గుండె ఆగుతుందని ముందే ఎందుకు చెప్పలేదు బాబూ?"

"చెప్తే భయపడతారని చెప్పలేదమ్మా. కొద్ది క్షణాలే కదా."

"చెప్పకపోబట్టి నేను చచ్చిపోయాననుకున్నాను. ఆ కొద్ది క్షణాలు మీకు మానిటరు మీద గీత. నాకు చావు."

"ఈసారినుంచి చెప్తానమ్మా," అన్నాడు. చెప్తున్నాడనే అనుకుంటున్నాను. ఆ మందు ప్రాణం నిలిపింది, కాదనను. కానీ ఇచ్చే ముందు, 'ఒక్క క్షణం పోయినట్టుంటుంది, మళ్ళీ వచ్చేస్తారు, మేం పక్కనే ఉన్నాం' అంటే చాలు. అది బీరువాలో వెతుక్కోవాల్సిన మందు కాదు.

గది బయట షకీలా పొద్దుగూకేదాకా కూర్చుంది. మసీదులోంచి పిలుపు వినబడ్డాక మా ఆయన కొనుక్కొచ్చిన నీళ్ళ సీసాతో ఉపవాసం విడిచిందట. ఇంటికి వెళ్ళమంటే, "రేపు నాకు ఇదొస్తే విమలా మేడమ్ వెళ్తారా?" అని అడిగిందట.

*

ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ పండ్లతో పాటు ఒక సలహా తెచ్చారు. మా అత్తయ్య నా తల నిమిరి, "ఇకనైనా కోపం తగ్గించుకో తల్లీ," అంది. ప్రేమతోనే అంది. ఆ ప్రేమకి నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పుట్టుకతోనే గుండెలో ఒక దారి ఎక్కువ ఉందని, గుండెని కొట్టించే కరెంటు ఆ దారిలో గిరగిరా తిరుగుతోందని డాక్టర్లు బొమ్మ గీసి చెప్పాక కూడా!

రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన సూది గుచ్చిన చోట కమిలిన చేతికి ఐసు అద్దుతూ, "నాకేం తెలుసు విమలా? డాక్టరుగారే అన్నారు కదా టెన్షనని," అన్నారు.

"నేనూ అన్నాను కదండీ, కాదని."

"నువ్వు అన్నావు గానీ…"

"ఆ. ఆ 'గానీ' దగ్గరే ఆగిపోయారు. ఆయన అన్నది నమ్మారు. నేను ఇన్నేళ్ళు అన్నది నమ్మలేదు. గుండె ఆయనదా, నాదా?"

పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. మామూలుగా అయితే ఆయన 'మెల్లగా' అనేవారు. ఈసారి అనలేదు. ఐసు కరిగి దుప్పటి తడిసింది. ఆయన కళ్ళు కూడా తడిశాయి. జాలేసింది గానీ, 'పర్లేదులే' అనలేదు. జీవితంలో చాలాసార్లు అనేశాను ఆ మాట.

జూన్‌లో పెద్ద ఆసుపత్రిలో చేరాను. గజ్జల్లోంచి సన్నని తీగలు గుండెదాకా పంపి, ఆ ఎక్కువ దారిని కాల్చేస్తారు. మత్తివ్వకుండా, తొడ దగ్గర మాత్రం మొద్దుబార్చి చేశారు. దారి ఎక్కడుందో తెలియాలంటే ముందు దడ తెప్పించాలట. తెప్పించారు. మెడలో నరాలు ఎగరగానే బల్ల మీద పడుకునే, "అదే! అదేనండీ!" అని అరిచాను.

"కనిపిస్తోందమ్మా. మాకూ కనిపిస్తోంది," అన్నారు అద్దం వెనకనుంచి డాక్టరు.

నా దడని ఇంకో మనిషి నాతో పాటు, అదే క్షణంలో చూడడం ఎంత పెద్ద సంగతో, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కాల్చేటప్పుడు ఛాతీలో చురుక్కుమంది. కాలు కదపకుండా పడుకున్న ఆ రోజు వెన్ను విరిగేలా నొప్పి పెట్టింది. ఆ తర్వాత దడ మళ్ళీ రాలేదు.

*

ఆగస్టులో ఒక సాయంత్రం మా వీధి చివరి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. మా ఆయన్ని బయట బండి దగ్గరే ఉండమన్నాను. టోకెను తీసుకుని అందరితో పాటు కూర్చుని, నా వంతు వచ్చాక లోపలికి వెళ్ళాను. జరిగింది చెప్పాను.

"చాలా సంతోషం అమ్మా. నయమైపోయిందన్నమాట," అన్నారు. "మీరు వచ్చినప్పుడల్లా ఈసీజీ నార్మల్‌గానే ఉండేది. అది వచ్చినప్పుడు తీస్తేనే కనబడుతుంది."

"నిజమేనండీ. మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు? వచ్చినప్పుడు పరుగున వచ్చి ఈసీజీ తీయించుకో అని ఒక్కసారైనా అనలేదు. నాకు తెలియదు అని కూడా మీరు అనలేదు. తెలిసినట్టే చెప్పారు. నా కోపమే నా జబ్బన్నారు. అక్కడినుంచి నేను ఏం మాట్లాడినా మా ఇంట్లో అది మాట కాలేదు, జబ్బయింది."

"అంత ఆవేశపడకండమ్మా. మీ గుండెకి…"

నా చెయ్యి బల్ల మీద పెట్టాను. "పట్టుకుని చూడండి."

ఆయన మొహమాటపడ్డారు. తర్వాత పట్టుకున్నారు, గడియారం చూస్తూ. నేను కోపంతో వణికిపోతున్నాను. నాడి మామూలుగా నడుస్తోంది. ఆయనకి అది తెలిసింది. చెయ్యి వదిలి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చెప్పండి," అన్నారు.

మొదటినుంచి చెప్పాను. బందరు మైదానం, బాత్రూం గడియ, సింకులో కంచాలు, అన్నీ. కాంపౌండరు తలుపు తీసి చూస్తే ఆయన చేత్తోనే పొమ్మన్నారు. అంతా విన్నాక, "సారీ అమ్మా," అన్నారు, నెమ్మదిగా.

"నాకు చెబితే ఏం లాభమండీ? బయట కుర్చీల్లో గుండె మీద చెయ్యేసుకుని ఒకామె కూర్చుంది. ఆమె బదులు వాళ్ళాయన మాట్లాడుతున్నాడు. ముందు ఆమెని అడగండి."

లేచి వచ్చేశాను. క్షమించానని అనుకోవద్దు. సారీ విన్నంత మాత్రాన అన్ని ఏళ్ళు తిరిగి రావు. ఆ పదో తరగతి పిల్లని మళ్ళీ ఎవరూ ఆటలోకి తీసుకోరు.

బయట మా ఆయన బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు. నా మొహం చూసి, అడగాలా వద్దా అన్నట్టు ఆగి, అడిగారు.

"తగ్గిందా?"

"ఏది, దడా?"

"కోపం."

"లేదు. ఇంకా ఉంది."

ఆయన మాత్ర అనలేదు, నెమ్మది అనలేదు. తాళం తిప్పి బండి స్టార్ట్ చేశారు.

"ఉండనీలే," అన్నారు. "ఎక్కు."